సూర్యలంక సరుగుడు తోటలో ఆరేళ్లు వాడిన టెంటు

మా టెంటు 2019 నవంబరులో, కార్తీక మాసంలో కొన్నాం. 6,800 రూపాయలు. నలుగురికి సరిపోతుందని సంచి మీద రాసి ఉంది. అప్పటి నుంచి ముప్పైకి పైగా రాత్రులు అందులో పడుకున్నాం, దాదాపు అన్నీ బాపట్ల దగ్గర సూర్యలంకలోనే. ఆ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. మన తీరంలో ఏ టెంటు వాడినా ఎదురయ్యేవి ఇవేనని నా నమ్మకం.

కొనేటప్పుడు అందరూ వానకు ఆగుతుందా అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఈ ఆరేళ్లలో వాన వల్ల ఇబ్బంది పడింది ఒక్కసారే. గాలి ఆడకపోవడం వల్ల, ఉప్పు వల్ల, ఇంట్లో దాచిన తీరు వల్ల పడ్డ తిప్పలు మాత్రం చాలా ఉన్నాయి.

విజయవాడలో రైలెక్కితే తెనాలి మీదుగా బాపట్ల. అక్కడి నుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో వెళ్తాం. మేం ఇసుక తీరంలో పడుకోం. ఊరి రైతు ఒకాయన సరుగుడు తోటలో, ఆయన్ని అడిగి, చెట్ల మధ్య ఖాళీలో వేసుకుంటాం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఎవరైనా ఇలాగే చేయాలి. కార్తీక పౌర్ణమికి అక్కడ సముద్ర స్నానాలకు వేలల్లో జనం వస్తారు, ఆ రెండు రోజులూ వదిలేయండి.

సరుగుడు తోట టెంటుకు చాలా మంచి చోటు. రాలిన ఆకు పరుపులా ఉంటుంది. ఎంత వాన పడినా ఇసుక తాగేస్తుంది, నీరు నిలవదు. చిక్కల్లా కాయలతోనే. చిటికెన వేలి కొసంత కాయ, ఒళ్లంతా ముక్కులు. మొదటి రాత్రి ఒకటి నా నడుం కింద పడి తెల్లవార్లూ గుచ్చింది. పొద్దున చూస్తే టెంటు అడుగు గుడ్డకు మూడు చిన్న చిల్లులు. అప్పటి నుంచి నాలుగు వైపులా చీపురు పెట్టి ఊడ్చి, పాత ఫ్లెక్సీ పరిచాకే టెంటు విప్పుతాం. ఆ ఫ్లెక్సీ టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే పైనుంచి కారిన నీళ్లన్నీ దాని మీదుగా మన కిందికే చేరతాయి. మేం ఒక్కసారి తడిసింది ఇలాగే, టెంటు తప్పేం లేదు. గుడ్డ 2000 మిల్లీమీటర్ల రకం. అంటే రెండు మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడికి ఓర్చుకుంటుంది. మన వానలకు ధారాళంగా సరిపోతుంది.

నలుగురికి అన్నది నమ్మకండి. వెడల్పు 210 సెంటీమీటర్లు. నలుగురు పడుకుంటే మనిషికి 52 సెంటీమీటర్లు వస్తుంది. మేమిద్దరం, పిల్లలిద్దరూ అప్పట్లో ఇరుక్కుని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు పెద్దవాడికి పదిహేనేళ్లు, వాడు బయట మడత మంచం మీద దోమతెర కట్టుకుంటున్నాడు.

ఇక గాలి సంగతి. మొదటి ఏడాది డిసెంబరులో చలేస్తుందని పై కప్పు జిప్పులన్నీ మూసేశాం. తెల్లవారుజామున పాప లేపింది, “అమ్మా, వాన పడుతోంది” అని. బయట ఆకాశంలో నక్షత్రాలు కనిపిస్తున్నాయి. లోపల మా నలుగురి ఊపిరి తేమ చల్లటి కప్పుకు తగిలి, నీళ్లై కారుతోంది. దుప్పట్లు తడి, పాప జుట్టు తడి. ఆ పొద్దున్నే తోట రైతు వచ్చి చూశాడు. మేం ఆయన్ని బాబాయ్ అంటాం.

“అమ్మాయ్, వాకిలి సముద్రం వైపు పెట్టి ఊరుకున్నావు. పగలు గాలి అటు నుంచే వస్తది. రాత్రి పొద్దుపోయాక గాలి తిరుగుద్ది, ఊళ్లోంచి సముద్రానికి పోద్ది. వెనక కూడా తెరిచి పెట్టుకో.”

ఆ ఒక్క మాటతో మా కష్టం తీరింది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి సముద్రం నుంచి లోపలికి వస్తుంది, రాత్రి నేల ముందు చల్లబడుతుంది కాబట్టి ఎదురు తిరుగుతుంది. రెండు వాకిళ్లున్న టెంటు అయితే ఒకటి సముద్రం వైపు, ఒకటి ఊరి వైపు, రెండూ ఆ గాలి దారిలోనే పెట్టండి. కొనేటప్పుడు లోపలి గుడిసె, అంటే పై కప్పు కింద మనం పడుకునే గది, ఎంత భాగం దోమతెర గుడ్డతో ఉందో చూడండి. మాది సగమే. ఇప్పుడు కొంటే పైభాగమంతా తెర ఉన్నదే కొంటాను.

టెంటుతో ఇచ్చిన మేకులు ఆ ఇసుకలో పనికిరావు. సన్నటి ఇనప మేకు, జానెడు కూడా ఉండదు, చిన్నపిల్ల లాగినా వచ్చేస్తుంది. మేం ఐదు కిలోల బియ్యం సంచులు ఎనిమిది తీసుకెళ్తాం. వాటిలో ఇసుక నింపి, మూతికి తాడు కట్టి, మోకాలి లోతు గుంటలో పూడ్చి తొక్కుతాం. సంచి లేకపోతే మూరెడు సరుగుడు కర్రకు నడిమధ్య తాడు కట్టి అడ్డంగా పాతినా అంతే గట్టిగా ఉంటుంది. ఇలా కట్టాక ఏ గాలికీ టెంటు కదల్లేదు. కదలకపోవడం వల్ల బరువంతా టెంటును నిలబెట్టే కమ్ముల మీద పడి, ఫైబర్ కమ్మి ఒకటి నాలుగో ఏడాది నిలువునా చీలింది. చీలిన చోట చెయ్యి పెడితే వేలిలో నూగు దిగి రెండు రోజులు మంట. అల్యూమినియం కమ్ములైతే వంగుతాయి కానీ ఇలా చీలవు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ నెల ప్రయాణం మానుకున్నాం. జనవరిలో వెళ్తే మేం ఎప్పుడూ వేసుకునే చోట రెండు చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. అక్కడ నిలబడి చాలాసేపు నాకు నోట మాట రాలేదు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే, టికెట్లు తీసుకున్నా సరే, ఇంట్లోనే ఉండండి. మామూలు రోజుల్లోనూ ఎండిన కొమ్మ కింద టెంటు వేయొద్దు.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ తీరంలో గుడ్లు పెడతాయి. తాబేలు పిల్లలు వెలుగున్న వైపు పాకుతాయి, మన టార్చి చూసి సముద్రానికి బదులు తోటలోకి వచ్చేస్తాయి. మేం టార్చికి ఎర్ర కాగితం చుడతాం, తీరం వైపు అసలు వేయం. వంట పొయ్యి ఆకు లేని ఉత్త ఇసుక మీదే. సరుగుడు పచ్చి కర్ర కూడా మండుతుంది, ఎండు ఆకు సంగతి చెప్పక్కర్లేదు. పక్కన దొరువు (ఇసుకలో తవ్విన నీటి గుంట) నీళ్లు బకెట్‌తో పెట్టుకుంటాం. సముద్రం అంత దగ్గరున్నా దొరువులో మంచి నీళ్లే ఊరతాయి. వాన నీరు ఉప్పు నీటి మీద తేలి ఉంటుంది కాబట్టి లోతు తవ్వకూడదంటాడు బాబాయ్.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంట్లోనే జరిగింది. 2021 ఎండాకాలమంతా టెంటును బిగించి చుట్టి అటక మీద పెట్టాను. బెజవాడ ఎండలు తెలుసుగా. అక్టోబరులో విప్పితే పై కప్పు మడతలు ఒకదానికొకటి అంటుకుని, బలంగా లాగితే చర్రుమంటూ ఊడివచ్చాయి. పులిసిన వాసన. నీళ్లు దిగకుండా గుడ్డకు లోపల పూసే పాలియురేథేన్ పూత వేడికి, తేమకు విరిగి జిగురైపోతుందట. ఒకసారి అలా అయితే బాగుచేయడానికి లేదు. షాపులో చూపిస్తే వారంటీ వర్తించదన్నారు. చివరికి ఇంకో కప్పు 1,900 పెట్టి కొన్నాం.

ఇప్పుడు తీరం నుంచి రాగానే మేడ మీద మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరేసి, పాత దిండు గలీబులో వదులుగా కుక్కి, గాలాడే గదిలో మంచం కింద పెడుతున్నాను. నాలుగేళ్లయినా కొత్త కప్పు పొడిగానే ఉంది.

జిప్పు తల ఉప్పుకు అరిగి పళ్లు పట్టుకోవడం మానేసింది. వన్ టౌన్‌లో బ్యాగులు కుట్టే ఆయన తల మార్చి, పళ్లకు కొవ్వొత్తి రుద్ది ఇచ్చాడు. జిప్పు మొత్తం మార్చాలేమో అనుకున్నాను, అక్కర్లేదన్నాడు. చీలిన కమ్మికి తొడగడానికి అల్యూమినియం గొట్టం ముక్క కూడా ఆయనే వెతికి పెట్టాడు. ఈ కార్తీకానికి ఆ కమ్మితోనే వెళ్తున్నాం.