టేబుల్ సా రెక్కలో రూటర్: కోనసీమ షెడ్డులో కొన్నేళ్ల వాడకం

సన్నగా, పొడుగ్గా ఉన్న షెడ్డులో తలుపులూ కిటికీలూ చేసేవాళ్లు రూటర్ (చెక్కలో గాడులు తీసే, అంచులు చెక్కే యంత్రం) కోసం టేబుల్ విడిగా కొనకండి. టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకొచ్చే రంపం) కుడి రెక్కలోనే, అంటే బల్లకి కుడివైపు పొడిగింపులోనే రూటర్ బిగించుకోండి. మా షెడ్డు అమలాపురం దగ్గర, కాలవ గట్టుకీ ఇంటికీ మధ్య ఉంది. పొడవుకి లోటు లేదు, వెడల్పే లేదు. ఈ ఏర్పాటు మీద కొన్నేళ్లుగా టేకు, వేప, పనస, అప్పుడప్పుడు కొబ్బరి చెక్క కూడా నడిపి చెబుతున్న మాట ఇది.

ఒక బల్ల తగ్గడం చిన్న లాభం. అసలు లాభం చెక్క నడిచే దారిలో ఉంది. విడి రూటర్ టేబుల్ మీద చెక్కని కుడి నుంచి ఎడమకి తోస్తాం. ఏడడుగుల తలుపు నిలువు చెక్కకి గాడి తీయాలంటే అటు ఏడడుగులు, ఇటు ఏడడుగులు ఖాళీ కావాలి. మా వెడల్పులో అది కుదరని పని. సా రెక్కలో బిగించాక మనిషి సా ముందు కాదు, కుడి చివర నిలబడతాడు. ఎదురుగా ఫెన్స్, అంటే చెక్కని ఆనించి నడిపే పట్టీ. చెక్క సా వెనక నుంచి ముందుకి వస్తుంది. చీల్చడం కోసం సాకి ముందూ వెనకా ఎలాగూ వదిలి ఉంచిన దారే రూటర్‌కీ పనికొస్తుంది.

దిశ మాత్రం తిరగబడుతుంది. సా మీద ముందు నుంచి వెనక్కి, రూటర్ మీద వెనక నుంచి ముందుకి. తలకిందులుగా బిగించిన రూటర్‌లో బిట్టు (తిరుగుతూ చెక్కని కోసే పనిముట్టు) పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది, చెక్క దానికి ఎదురెళ్లాలి. వెంట పంపితే చేతిలోంచి లాగేసుకుంటుంది. అంచు మాల్డింగ్ తీసేటప్పుడు బిట్టు కొంత భాగం ఫెన్స్‌కి కొట్టిన పలకలో దాగి ఉండాలి, బిట్టుకీ ఫెన్స్‌కీ నడుమ సందులోంచి చెక్క ఎప్పుడూ పంపకూడదు. రూటర్ పని మొదలుపెట్టే ముందు సా బ్లేడు పూర్తిగా దించేయాలి, మళ్లీ సా మీదికి వెళ్లేటప్పుడు బిట్టు దించాలి. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇది అలవాటయ్యేదాకా నేను పక్కనుంచి కదలను.

ఫెన్స్ ఒకటే కావడం మేలు, చిక్కు కూడా. సాకి ఫెన్స్ ఎడమ ముఖం, రూటర్‌కి కుడి ముఖం పనిచేస్తాయి. బిట్టుకి చోటు వదిలి కోసిన ప్లైవుడ్ పలకని కుడి ముఖానికి బిగించినా సా స్కేలు చూపించే కొలత మారదు, ఎందుకంటే ఆ కొలత ఎడమ ముఖానిది. చిక్కల్లా, రూటర్‌కి ఫెన్స్ ఒకసారి బిగించాక చీల్చే కొలత అక్కడే ఆగిపోవడం. అందుకని చీల్చాల్సినవన్నీ ముందే చీల్చి, ఒకటి రెండు ముక్కలు అదనంగా పెట్టుకుని, అప్పుడు రూటర్ సెట్ చేస్తాం. మధ్యలో ఎవరైనా వచ్చి "ఒక్క చెక్క చీల్చి పెట్టు బాబాయ్" అంటే సాయంత్రం రమ్మంటాను. ఆ ఒక్క చెక్క కోసం ఫెన్స్ కదిపితే, మిగిలిన గాడులు పాత గాడులతో కలవవు.

ఇక మన డెల్టా వానాకాలం. రెక్కకి ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే పలక) వద్దు, తేమకి అంచులు ఉబ్బుతాయి. 19 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ రెండు పొరలు అంటించి, పైన సన్‌మైకా వేసి, కింద ఇనప యాంగిల్ బిగించాం. ఇన్నేళ్లలో కుంగలేదు. రూటర్‌తో కొన్న, దాన్ని కింద వేలాడదీసే ప్లాస్టిక్ ప్లేటు మాత్రం బరువుకి మధ్యలో వంగింది. దాన్ని తీసేసి 10 మిల్లీమీటర్ల హైలం షీటు (రెసిన్‌తో అదిమి చేసే గట్టి పలక) కోయించి పెట్టాం, అదే నడుస్తోంది. వానలు పట్టాక ప్లైవుడ్‌కీ పోత ఇనప బల్లకీ ఎత్తులో వెంట్రుకంత తేడా వస్తుంది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, కింది బోల్టులు తిప్పి సరిచేయడం పావుగంట పని. పోత ఇనుముకి తుప్పు పట్టకుండా మైనం రుద్దడం ఎటూ తప్పదు.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, బిట్టు ఎత్తు పైనుంచే తిప్పి మార్చే లిఫ్ట్ మీద. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద చెయ్యిపెట్టి అర మిల్లీమీటరు సరిచేసే బాధ ఒక్కసారిగా పోయింది. రూటర్ వేగం మార్చుకునే రకమే తీసుకోండి. ప్యానెల్ అంచులు వాల్చే 80 మిల్లీమీటర్ల బిట్టుని నిమిషానికి 22 వేల చుట్లు తిప్పడం ప్రాణాంతకం, పది పన్నెండు వేలకి దించాలి. స్విచ్ బల్ల ముందు, మోకాలికి అందే ఎత్తులో విడిగా పెట్టించండి. రూటర్ చుట్టూ పొట్టు పడే పెట్టె కడితే గాలికి దారి ఉంచండి, పూర్తిగా మూసేస్తే మోటారు వేడెక్కుతుంది.

వెడల్పు ప్యానెళ్లకి ఇది ఇబ్బందే. బిట్టుకి కుడివైపు రెక్క కొంచెమే ఉంటుంది కాబట్టి పలక సగం బయటికి వేలాడుతుంది, ఒక స్టాండు ఆనించక తప్పదు. కొబ్బరి చెక్క మామూలు స్టీలు బిట్లని చూస్తుండగానే మొద్దు చేస్తుంది, కార్బైడ్‌వే వాడాలి. ఇద్దరు మేస్త్రీలు ఒకేసారి పనిచేసే షాపయితే విడి టేబులే పెట్టుకోండి. ఇక్కడ ఒకరు గాడి తీస్తుంటే రెండోవాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి, ఆ కూలి నష్టం నెల తిరక్కుండానే విడి టేబుల్ ఖరీదుని దాటుతుంది.