ఆయిల్ గొట్టాలు: రబ్బరా, టెఫ్లానా, రాణిగంజ్ హైడ్రాలిక్ పైపా?

సొంతంగా కట్టుకున్న చిన్న విమానం పొట్ట కింద నల్లటి జిడ్డు చారలు కనబడగానే అందరి చెయ్యీ ముందు గొట్టాల మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు బ్రీదర్‌ది, అంటే ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే పైపుది. కాబట్టి ముందు ఇంజిన్ కడిగి, ఆరనిచ్చి, అనుమానమున్న ఫిట్టింగుల చుట్టూ టాల్కమ్ పౌడర్ పలచగా అద్ది, తక్కువ ఆర్‌పీఎంలో పది నిమిషాలు నేల మీదే నడపండి. లీకున్న చోట పౌడర్ తడిసి ముద్దవుతుంది. ఎక్కడా తడవకపోయినా ఎగిరొచ్చాక పొట్ట మళ్లీ జిడ్డుగా ఉంటే, గొట్టాలు వదిలేసి బ్రీదర్ దగ్గరికి వెళ్లాలి.

గొట్టాలు కారకపోయినా వయసైపోతే మార్చాల్సిందే. రబ్బరు గొట్టం మీద 3క్యూ19 లాంటి ముద్ర ఉంటుంది. అంటే 2019 మూడో త్రైమాసికంలో తయారైందని. ఐదేళ్లు దాటినదాన్ని, వంచితే కరకరలాడేదాన్ని, తీశాక వంకర వదలనిదాన్ని మళ్లీ బిగించొద్దు.

ఇక ఎంపిక. ఇక్కడి లెక్కలు లైకమింగ్ ఓ-320, ఓ-360 తరహా ఇంజిన్లకు. వీటిలో మామూలు ఆయిల్ ప్రెషర్ 55 నుంచి 95 పీఎస్ఐ, అంటే సుమారు 4 నుంచి 6.5 బార్. ఈ మాత్రం ఏ గొట్టమైనా తట్టుకుంటుంది. గొట్టాన్ని చంపేది వేడి. ఆయిల్ టెంపరేచర్ రెడ్ లైన్ (దాటకూడని హద్దు) 245 ఫారెన్‌హీట్, అంటే 118 సెల్సియస్.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో జేసీబీలకు క్రింప్ చేసిచ్చే (చివర్లు మెషీన్‌తో నొక్కి బిగించిచ్చే) ఎస్ఏఈ 100ఆర్2 హైడ్రాలిక్ పైపు వందల బార్లు తట్టుకుంటుంది, చవక, గంటలో చేతికొస్తుంది. కానీ దాని వేడి హద్దు 100 సెల్సియస్, ఇంజిన్ రెడ్ లైన్ కంటే తక్కువ. పైగా రెండు పొరల ఉక్కు తీగ బరువు. చాలాసార్లు చివర్లకు బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్) ఫిట్టింగులు పెట్టిస్తారు, అవి విమానాల 37 డిగ్రీల ఏఎన్ కోన్ మీద సరిగ్గా కూర్చోవు. ఇది వద్దు.

మిల్-హెచ్-8794 (అమెరికా సైనిక ప్రమాణం) తరగతి రబ్బరు గొట్టానికి మామూలు హద్దు 121 డిగ్రీలు. రెడ్ లైన్‌కు మూడే డిగ్రీల ఎడం. హైదరాబాద్ దగ్గరి నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ లాంటి చోట మే నెల మధ్యాహ్నం ఇంజిన్ ఆపేశాక గాలి ఆడదు, కౌలింగ్ (ఇంజిన్ మూత) లోపల వేడి ఇంకా పెరుగుతుంది. రబ్బరు ఎండిపోయేది అప్పుడే. దీని మంచి ఏమిటంటే రీయూజబుల్ ఫిట్టింగులతో ఇంట్లోనే కట్టుకోవచ్చు: గొట్టాన్ని సాకెట్లోకి (ఫిట్టింగు బయటి భాగం) ఎడమవైపు తిప్పుతూ అడుగు దాకా దించి, పావు చుట్టు వెనక్కి తిప్పి, నిపుల్‌కు (గొట్టం లోపలికి దూరే భాగం) నూనె రాసి బిగించాలి. నిపుల్ ఎక్కించేటప్పుడు లోపలి రబ్బరు చెక్కుకుపోతే ఆ పీలిక తలుపులా ఆయిల్‌కు అడ్డుపడుతుంది. కట్టాక లోపలికి లైటు వేసి చూసి, ప్రెషర్ టెస్ట్ చేయించకుండా ఇంజిన్‌కు పెట్టొద్దు.

టెఫ్లాన్ గొట్టం, స్టీలు అల్లిక, పైన అతికించిన సిలికాన్ ఫైర్ స్లీవ్ (మంట నుంచి కాపాడే తొడుగు): హద్దు 232 డిగ్రీలు. వయసుతో రబ్బరులా గట్టిపడదు. ధర ఎక్కువ, బయటి నుంచి తెప్పించుకోవాలి, కొలత ముందే కచ్చితంగా ఇవ్వాలి. ఒక్కసారి మడత పడితే లోపలి ట్యూబు నలిగిపోతుంది, స్లీవ్ కింద ఆ సంగతి కనబడదు కూడా. పడితే పారేయడమే. కొంతకాలం వాడాక ఉన్న వంపుకే అలవాటు పడుతుంది కాబట్టి, తీసేటప్పుడు రెండు చివర్ల మధ్య తీగ కట్టి ఆకారం నిలపాలి. సాగదీయొద్దు. ఆయిల్ కూలర్ గొట్టాలకు ఖర్చైనా ఇదే మేలు. మూడింటిలో నిజంగా వేడిని లెక్కచేయనిది ఇదొక్కటే.

ఏది తీసుకున్నా, పొడవు ఫిట్టింగు కోన్ నుంచి కోన్ వరకూ దారి వెంట కొలిచి 5 నుంచి 8 శాతం కలపాలి. 60 సెంటీమీటర్లకు 3 నుంచి 5 సెంటీమీటర్లు. ప్రెషర్ ఎక్కితే గొట్టం పొట్టిగా అవుతుంది. బిగించేటప్పుడు గొట్టం పొడవునా ఉండే గీత మెలిపడకూడదు. రెండు పానాలు వాడండి: ఒకటి కూలర్ ఫిట్టింగును పట్టుకోవాలి, ఇంకొకటి నట్టు తిప్పాలి. ఒక్క పానాతో బిగిస్తే అల్యూమినియం కూలర్ బాస్ (ఫిట్టింగు బిగించే దిమ్మ) చీలుతుంది. 37 డిగ్రీల కోన్‌కు ఏ టేపూ చుట్టొద్దు. పైపు థ్రెడ్లకే సీలెంట్, అదీ మొదటి రెండు థ్రెడ్లు వదిలి. విడిగా తొడిగే ఫైర్ స్లీవ్ అయితే చివర్లను సీలెంట్‌లో ముంచి బ్యాండ్ వేయాలి. లేదంటే లోపలి ఫైబర్‌గ్లాస్ దీపం వత్తిలా ఆయిల్ పీల్చుకుంటుంది. పని అయ్యాక స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్రెషర్ చూపే దాకా స్టార్టర్‌తో తిప్పండి. ఇంజిన్ వేశాక 30 సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయాలి.

బ్రీదర్‌కు వస్తే, అన్నిటికంటే చవకైన మందు ఆయిల్ తక్కువ పోయడం. 8 క్వార్టుల (క్వార్టు లీటరు కంటే కాస్త తక్కువ) సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో, 8 పోస్తే పైది బయటికి కక్కేస్తుంది. 6 దగ్గర ఉంచితే చాలు. కనీస సురక్షిత పరిమాణం 2 క్వార్టులే. అయినా కారుతుంటే సెపరేటర్ (బ్రీదర్ గాలిలోంచి ఆయిల్‌ను వేరుచేసే డబ్బా) పెట్టొచ్చు. కానీ దాని అడుగున చేరిన నీళ్లనూ ఆమ్లాన్నీ తిరిగి సంప్‌లోకి పంపొద్దు, ముఖ్యంగా వానాకాలంలో విమానం వారాలు షెడ్డులోనే ఉండిపోతే. కామ్‌షాఫ్ట్ తుప్పుకు అదే దారి. ఒక సీసాలోకి మళ్లించి, ఎగిరే ముందు పారబోయండి. సీసాకు గాలి రంధ్రం తప్పనిసరి. లేకపోతే క్రాంక్‌కేసులో ప్రెషర్ పెరిగి ముందరి సీల్ ఊడొస్తుంది. బ్రీదర్ చివరను ఎగ్జాస్ట్ పైపు మీదికి పెట్టి ఆయిల్‌ను కాల్చేయడం కూడా ఉంది. పొట్ట శుభ్రంగా ఉంటుంది కానీ చివర మసి గట్టిపడి మూసుకుపోతుంది, ఆయిల్ మార్చినప్పుడల్లా చూసుకోవాలి.

ఆయిల్ మార్చేటప్పుడు అడ్డంగా ఉండే ఫిల్టర్ విప్పితే అంతా ఒలుకుతుంది. ముందు దాని చివరి పైభాగాన మేకుతో చిల్లు పొడిచి, కాసేపు ఆగితే లోపలి ఆయిల్ సంప్‌లోకే జారిపోతుంది. కింద ఓ పక్క కోసిన రెండు లీటర్ల సీసా పెట్టుకుంటే మిగతాది అందులో పడుతుంది. ఆ తర్వాత ఫిల్టర్ కోసి చూసేటప్పుడు మేకు చిల్లు పొడిని ఇంజిన్ లోహమని కంగారు పడొద్దు.