పచ్చి సల్సానా, కాల్చిన సల్సానా?

మెక్సికో వంటింట్లో సల్సా, అంటే మన పచ్చడిలాంటిది, ఒక్కటే కాదు. ఇంట్లో తేలిగ్గా చేసుకోగలిగినవి రెండు.

పికో దె గాయో పచ్చిది. టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసం కలిపితే అయిపోయింది. చిక్కల్లా నీళ్లతోనే. ఉప్పు తగలగానే టమాటా నీరొదులుతుంది, కాసేపటికి గిన్నె అడుగున చేరుతుంది. అందుకే గింజల గుజ్జు తీసేసి, ఉప్పు తినేముందే వేయాలి. కీరాను పడవలా తొలిచి ఇది నింపి ఇస్తే, కూరగాయలంటే మొహం తిప్పుకునే పిల్లలూ తింటారు.

కాల్చినదాని రుచి వేరు. టమాటాలు, మిర్చి, ఉల్లి, పొట్టు తీయని వెల్లుల్లి నూనె లేకుండా పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, వెల్లుల్లి పొట్టు వలిచి, మోల్కహేతె అనే రాతి రోట్లో నూరుతారు. రోటి పచ్చడి చేసే చేతికి ఇదేం కొత్త కాదు, తాలింపు ఒక్కటే ఉండదు. పులుపు కాస్త అణిగి తీపి, పొగ వాసన వస్తాయి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఉడికించిన రాజ్మా, వేయించిన గుమ్మడి ముక్కలు మొక్కజొన్న రొట్టెలో పెట్టి పైన ఇది వేస్తే రాత్రి భోజనమే. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, మరీ మెత్తగా వద్దు.

నా ఓటు కాల్చినదానికే, బాగా పండిన నాటు టమాటా దొరికిన రోజు తప్ప.