నీళ్లు, బాత్రూమ్, ఆ తర్వాతే రంగులు

గుంటూరు వైపు ఒక ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ. పేరు రాయను, 9 ఏళ్లుగా నా మందులు అక్కడే, వచ్చే నెల మళ్లీ వాళ్ల ముందే కూర్చోవాలి. మార్కులు మాత్రం వేస్తాను: 5కి 3.

నాకున్నది బైపోలార్, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు దిగులు. వాడేది లిథియం. కుట్టుపని చేస్తాను కాబట్టి ఆ మాత్ర సంగతి నాకు సూది దగ్గర తెలుస్తుంది. దారం కొస తడిపి బెజ్జం దాకా తెచ్చేసరికి చెయ్యి వణికి పక్కకి పోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో మా పిల్లాడితో ఎక్కించుకుంటాను. ఈ మందుకి దాహం ఎక్కువని డాక్టర్లకీ తెలుసు. కానీ మూడు గంటలు ఆ బల్లల మీద కూర్చునేది వాళ్లు కాదు. నీళ్లు తాగాలి, తాగితే వెళ్లాలి. ఆడవాళ్ల బాత్రూమ్ పై అంతస్తులో, తాళం నర్సమ్మ దగ్గర. వెళ్లొచ్చేసరికి టోకెన్ దాటిపోయేది.

పోయినేడాది పేషెంట్లలో నలుగుర్ని, ఇంట్లో చూసుకునేవాళ్లలో ఇద్దర్ని పిలిచి, ఓపీ ఎలా ఉండాలో చెప్పమన్నారు. ఆస్పత్రివాళ్ల కాగితం మీద అప్పటికే గోడలకి లేత రంగు, టీవీ, పోస్టర్లు ఉన్నాయి. మాలో రిటైరైన మాస్టారొకరు, "సార్, రంగు తర్వాత వేద్దురుగాని, ముందు నీళ్లు, బాత్రూమ్ చూడండి" అన్నారు. పెద్ద డాక్టర్ గారు మారుమాట్లాడకుండా రాసుకున్నారు. కింద మూసి ఉంచిన బాత్రూమ్ తాళం నెలలోపే తీశారు.

నేను అడిగింది రక్తపరీక్ష గురించి. లిథియం లెవెల్‌కి, అంటే రక్తంలో మందు ఎంతుందో చూడటానికి, మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, పొద్దుటి మాత్ర ఆపుకుని. మరి పాత పద్ధతిలో ముందు డాక్టర్‌ని చూసి చీటీ రాయించుకోవాలి. నా టోకెన్ వచ్చేసరికి మధ్యాహ్నం 12. పరీక్ష కోసం ఇంకో రోజు కొట్టు కట్టేసి రావాలి. "ఆ చీటీ ముందుసారే రాసిచ్చేయండి సార్, ల్యాబ్‌కి వెళ్లి మీ దగ్గరికొస్తాం" అన్నాను. దీనికి రూపాయి ఖర్చు లేదు. ల్యాబువాళ్లు ల్యాబులో, ఓపీవాళ్లు ఓపీలో ఉంటే ఎవరికి తడుతుంది? అటూ ఇటూ తిరిగేది మేమే కదా.

డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి, పేరు పెట్టి అరవొద్దని అడిగింది. వాళ్ల వీధివాళ్లు కూడా అక్కడికొస్తారట. ఇప్పుడు నంబరే పిలుస్తున్నారు. ఓపీ కార్డు వెనక టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416 కూడా వేశారు. రాత్రి పూట కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక కోపం సంగతి. మీటింగుకి వచ్చిన రోజు నాకు రెండు జాకెట్ల కూలి పోతుంది. ఆటో డబ్బులైనా ఇవ్వమంటే "ఇది సేవ కదమ్మా" అన్నారు. డాక్టర్లకి ఆ పూట జీతం ఉంది, మాకు టీ, సమోసా. నాలుగో మీటింగుకి వెళ్తే తీర్మానం ముందే టైపై ఉంది, సంతకాలు పెట్టమన్నారు. నేను పెట్టేశాను. మాస్టారు పెట్టలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం రాష్ట్ర స్థాయి సంస్థలోనే జబ్బు అనుభవించినవాళ్ల తరఫున ఇద్దరు, చూసుకునేవాళ్ల తరఫున ఇద్దరు ఉండాలంటోంది, కూర్చుని మాట్లాడటానికే గానీ వేలిముద్రలకి కాదని ఆయన వాదన. ఆ తర్వాత ఆయనకి పిలుపు రాలేదు, నాకొచ్చింది. అందుకే నాకు ఇంకా గిల్టీగా ఉంది.

వాటర్ కూలర్ మాత్రం పెట్టారు, నీళ్లు చల్లగా ఉంటాయి. గ్లాసుకి గొలుసు కట్టారు, జానెడు కూడా లేదు. వంగి, వణికే చేత్తో తాగితే సగం చీర మీదే. వెళ్లేవాళ్లు సీసా పట్టుకెళ్లండి.