ఎన్నికల అలసట తర్వాత మెదక్ చర్చిలో ఒక ఆదివారం

ఆరు నెలల వ్యవధిలో రెండుసార్లు నేను ప్రిసైడింగ్ అధికారిగా పోలింగ్ డ్యూటీ చేశాను: 2023 నవంబరు 30న శాసనసభకు, 2024 మే 13న లోక్‌సభకు. ఈవీఎంలూ సామగ్రీ సరిచూసుకొని తీసుకోవడం, రాత్రి బడి గదిలో బల్లల మీద నడుము వాల్చడం, తెల్లవారకముందే లేచి ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరపడం, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారం నింపి, పొద్దుపోయాక యంత్రాలను అప్పగించి ఇల్లు చేరడం మా ఉపాధ్యాయులకు కొత్త పని కాదు. ఆ అలసట రెండు రోజులు నిద్రపోతే తీరుతుంది. నిద్రతో తీరనిది మరొకటి ఉంది. వరుసలో నిలబడినవారు ఏ పార్టీ ఎంత పంచిందో, తమకు ఎంత తగ్గిందో గొంతు తగ్గించకుండా చెప్పుకోవడం విన్నాను. నవంబరు ఎన్నికలలో వేరే జెండా పట్టుకున్న మా తమ్ముడు క్రిస్మసుకు కూడా మా గడప తొక్కలేదు. మేము ఆదివారాలు వెళ్లే చిన్న సంఘంలో అభ్యర్థులు వరుసగా వచ్చి మైకు అందుకొని, వాక్యం చెప్పవలసిన చోట వాగ్దానాలు చెప్పి వెళ్లారు. ఆ వేదిక మీద దేవుని మాట తప్ప మరో మాట వినబడకూడదని నమ్మేవాణ్ణి కనుక, ఆ రోజు నుంచి నాకు ప్రార్థన నోటికి రావడం మానేసింది.

ఈ స్థితిలో మే 19న, పోలింగ్ జరిగిన తరువాతి ఆదివారం, నా భార్య పట్టుబట్టి నన్ను మెదక్ చర్చికి తీసుకువెళ్లింది. నాలాగే ఎన్నికలతో మనసు విసిగిపోయిన విశ్వాసులకు ఉపయోగపడుతుందన్న ఆశతో, అక్కడి ఆరాధన గురించీ ఆ మందిరం గురించీ రాస్తున్నాను. హైదరాబాదు నుంచి నర్సాపూర్ అడవి మీదుగా వెళితే సుమారు 100 కిలోమీటర్లు. దారిలో టిఫిన్ కోసం ఆగిన హోటల్‌లో సైతం టీవీ ముందు జనం సీట్ల లెక్కలతో వాదులాడుకుంటూనే ఉన్నారు. కౌంటింగ్ జూన్ 4న జరగవలసి ఉన్నా, ఆ లెక్కలు మాత్రం ఆగలేదు.

మందిరం ఎదుట నిలబడినప్పుడు మొదట మనిషిని మాటాడనివ్వనిది 175 అడుగుల గోపురం. లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, సుమారు 5 వేల మంది కూర్చోగలిగినంత చోటు. కొలతలు పక్కన పెట్టి, ఈ రాళ్లు ఎలా పైకి లేచాయో తెలుసుకొని చూడడం మంచిదని నా అభిప్రాయం. వెస్లియన్ అనే ప్రొటెస్టంటు క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో, తిండి లేక వచ్చినవారికి ఊరకే గంజి పోయడం కంటే పని చూపించి తిండి పెట్టడం వారి మర్యాదను కాపాడుతుందని తలచి ఈ నిర్మాణం చేపట్టారని చెబుతారు. దాదాపు పదేళ్లు పట్టిన ఆ పని ముగిసి, 1924 డిసెంబరు 25న మందిరం ప్రతిష్ఠ జరిగింది. యుద్ధమూ ఆకలీ కమ్ముకున్న ఆ రోజులలో, రాబోయే వందేళ్ల ఆరాధనకు పునాది తవ్వినవారి ముందు నా ఆరు నెలల నిరుత్సాహం ఎంత చిన్నదో అక్కడి స్తంభాల మధ్య కూర్చున్నప్పుడు నాకు తెలిసివచ్చింది.

ఇక అద్దాల కిటికీలు. అక్కడికి వెళ్లేవారు ఎక్కువ సమయం ఇవ్వవలసింది వీటికే. రాజుల, అధ్యక్షుల చిత్తరువులు గీసి పేరు పొందిన ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ వీటిని రూపొందించారు. క్రీస్తు పరలోకానికి ఎత్తబడిన ఆరోహణ దృశ్యం 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ దృశ్యం 1958లో అమర్చారు. ఈ మూడు సంవత్సరాలను నేను మళ్లీ మళ్లీ నెమరు వేసుకున్నాను. మొదటి కిటికీ పెట్టినప్పుడు మెదక్ నిజాం ఏలుబడిలో ఉంది. రెండవది దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిది, అప్పటికి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవనే లేదు. మూడవది వచ్చేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు కావస్తోంది. 2014 నుంచి ఇది తెలంగాణ. ఒకే మందిరంలో రెండు వేర్వేరు ప్రభుత్వాల కాలపు గాజు ఉంది, ఇప్పుడు మరో ప్రభుత్వపు కాలంలో దాని గుండా అదే సూర్యుడు ప్రకాశిస్తున్నాడు.

ఆరోహణ దృశ్యం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. బైబిలులోని అపొస్తలుల కార్యములు చదివినవారికి గుర్తుండే ఉంటుంది: ప్రభువు పైకి ఎత్తబడడానికి కాస్త ముందు శిష్యులు ఆయనను అడిగిన ఆఖరి ప్రశ్న రాజ్యాధికారం గురించినదే. "ప్రభువా, యీ కాలమందు ఇశ్రాయేలునకు రాజ్యమును మరల అనుగ్రహించెదవా?" అని వారు అడిగారు. రోమా పాలన కింద నలిగిన ఆ మనుషుల మనసులో ఉన్నదీ, ఆ ఉదయం హోటల్‌లో టీవీ చుట్టూ చేరినవారి మనసులో ఉన్నదీ ఒకే ఆతృత. ప్రభువు వారిని కసరలేదు. కాలములూ సమయములూ తండ్రి చేతిలో ఉన్నాయని చెప్పి, ఆత్మ శక్తి పొంది తనకు సాక్షులుగా ఉండమని పని అప్పగించారు. నేను వెళ్లిన ఆదివారం ఆ ఆత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగ కావడం వల్ల, ఎన్నో ఏళ్లుగా ఎరిగిన ఆ మాటలు నాతోనే చెప్పినట్లు వినిపించాయి.

మెదక్‌కు రాజకీయ చరిత్రలో కూడా ప్రత్యేక స్థానం ఉంది. 1980లో ఇందిరాగాంధీ ఇక్కడి నుంచి గెలిచి, రాయ్‌బరేలీని వదులుకొని, ఈ స్థానాన్నే ఉంచుకున్నారు. 1984లో హత్యకు గురైన రోజున ఆమె మెదక్ ఎంపీ. దేశమంతా ఎవరి పేరు పలికిందో ఆ నాయకురాలి ఊరు ఇది అని తలచుకున్నప్పుడు 146వ కీర్తన గుర్తుకు వచ్చింది: "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు వారిని నమ్ముకొనకుడి." దీనిని నాయకుల మీద ద్వేషంగా చదవకూడదు. ఆకలిగొన్నవారికి ఆహారం, బంధింపబడినవారికి విడుదల, పరదేశులకూ తండ్రిలేనివారికీ విధవరాండ్రకూ ఆదరణ అన్న మాటలు ఆ కీర్తనలోనే ఆ తరువాత వస్తాయి. నాయకుల నుంచి మనం ఆశించి భంగపడిన పనులన్నీ దేవుని పనులుగా అక్కడ రాసి ఉన్నాయి. ఓటు వేయడం మానేయడానికి ఈ వాక్యాన్ని అడ్డు పెట్టుకునేవారితో నేను ఏకీభవించను. చెరగా కొనిపోబడిన పట్టణపు క్షేమం కోరి ప్రార్థించమని యిర్మీయా ప్రవక్త ద్వారా చెప్పినది కూడా ఆ దేవుడే.

ఈ మందిరం చెందిన దక్షిణ ఇండియా సంఘపు (సీఎస్‌ఐ) ఆరాధన క్రమంలో నాకు అన్నిటికంటే ప్రియమైనది అధికారుల కొరకు చేసే విజ్ఞాపన. పాలకుడు ఏ పార్టీవాడని ఆ ప్రార్థన అడగదు. ఆ వేళ నేను తల వంచి, మా నియోజకవర్గంలో పోటీ చేసిన అభ్యర్థుల పేర్లు మనసులో ఒక్కొక్కటిగా చెప్పుకొన్నాను. ఏజెంట్ల ఎదుట పక్షపాతం లేకుండా ఆ పేర్లను ఎన్నోసార్లు చదివినవాణ్ణే, కానీ దేవుని ఎదుట చదవడం అదే మొదటిసారి. చివర మా తమ్ముడి పేరు కూడా చేర్చాను.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. పగటి వెలుగు ఉండగానే చేరుకోండి. వెనుక నుంచి ఎండ పడితేనే కిటికీల రంగులు పలుకుతాయి, చీకటి పడితే అవి నల్లని గాజు పలకలే. ఆరాధన వేళలు ముందుగా కనుక్కొని బయలుదేరండి. వేసవిలో పొద్దుటే వెళ్లడం మేలు, పెద్దవారిని తీసుకువెళితే ఇది మరీ అవసరం. దర్శనం చేసుకొని ఫొటోలు దిగి వచ్చేయడానికైతే గంట చాలు, అయితే మనసు కుదుటపడాలని వెళ్లేవారు పూట మొత్తం కేటాయించుకోవాలి. 2024 డిసెంబరు 25కు మందిరానికి నూరేళ్లు నిండాయి. ఆ పండుగ రద్దీలో నిశ్శబ్దం దొరకడం కష్టం కాబట్టి, అంతకుముందే పనిరోజు ఒకటి చూసుకొని మరొకసారి వెళ్లాలనుకున్నాను. ఫలితాలు వచ్చిన మరునాడు తమ్ముడికి ఫోన్ చేసి, గెలుపోటముల ఊసు ఎత్తకుండా, తోడు వస్తావా అని అడిగాను. కారు తనదే తీస్తానన్నాడు.