గెలాక్సీ గ్రానైట్ ఫొటోలకు కెమెరాను స్క్రిప్టుతో నడపాలంటే ఏది మేలు?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయడం తేలిక కాదు. పాలిష్ పట్టిన నల్లటి స్లాబులో ఫొటో తీసే మనిషి కూడా కనబడతాడు. కెమెరాను ఆటోలో వదిలేస్తే ఇంకో చిక్కు: ఎదుట ఏమున్నా మధ్యస్థమైన వెలుగుకు తేవాలని దాని మీటరు చూస్తుంది కాబట్టి నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల మెరిసే బంగారు చుక్కలు తెల్లబడిపోతాయి. ఆ చుక్కల వల్లే ఈ రాయికి పేరూ ధరా వచ్చాయి. ఎక్కడో ఉన్న కొనుగోలుదారుకు తప్పుడు రంగు చూపించకూడదు. అందుకే కెమెరాను స్టాండుకు బిగించి, ఐఎస్‌ఓ, షట్టరు, అపర్చరు, వైట్ బ్యాలెన్స్ మార్చకుండా, యూఎస్‌బీ కేబులుతో కంప్యూటర్‌కు కలిపి స్క్రిప్టుతో, అంటే ఒక చిన్న ప్రోగ్రాంతో, తీయడం మంచిది. స్లాబు నంబరే ఫైలు పేరు అవుతుంది.

లినక్స్ మీద ఈ పనికి ఆధారం లిబ్‌జీఫొటో2. కెమెరాలను నడిపే కోడు సిద్ధంగా ఉన్న సీ భాషా లైబ్రరీ అది. పైథాన్ భాషలో రాసే స్క్రిప్టు నుంచి దాన్ని చేరడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఆ లైబ్రరీతోనే పనిచేసే జీఫొటో2 కమాండును స్క్రిప్టులోంచి పిలవడం. అరగంటలో పని మొదలవుతుంది. రోజుకు కొద్ది స్లాబులే ఉంటే ఇంతకు మించి అక్కర్లేదు. కానీ పిలిచిన ప్రతిసారీ కెమెరాను వెతికి, తెరిచి, మూస్తుంది. స్లాబులు వరుసగా వస్తున్నప్పుడు ఆ ఆలస్యం విసిగిస్తుంది. తప్పు జరిగితే అది ముద్రించిన వాక్యాలను చదివి కారణం ఊహించుకోవాలి.

రెండోది, సీ లైబ్రరీలను పిలవడానికి పైథాన్‌లో ఉన్న సీటైప్స్‌తో లైబ్రరీని నేరుగా పట్టుకోవడం. అదనంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, సీటైప్స్ పైథాన్‌తోనే వస్తుంది. సీ భాష తెలిసినవారికి ఇది ఎంతో ఇష్టంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ లైబ్రరీలోని ఫంక్షన్లు, డేటా ఎలా ఉంటాయో చెప్పే హెడర్ ఫైలులో ఉన్న ప్రతి మాటకూ మనమే పూచీ. ఉదాహరణకు, ఫొటో తీశాక దాని చోటు చెప్పే స్ట్రక్చరు అనే డేటా అమరికలో ముందు 128 బైట్ల పేరు, తర్వాత 1024 బైట్ల ఫోల్డరు ఉంటాయి. ఈ వరుస తారుమారైతే పేరు ఉండాల్సిన చోట చెత్త వస్తుంది. ఫంక్షను తిరిగిచ్చే విలువ రకం చెప్పకపోతే సీటైప్స్ దాన్ని మామూలు పూర్ణసంఖ్యగా తీసుకుంటుంది. 64 బిట్ల పాయింటరు, అంటే మెమరీ చిరునామా, సగం తెగిపోతుంది, ప్రోగ్రాం ఏ సందేశమూ లేకుండా కూలిపోతుంది. క్వారీ దుమ్ములో పనిచేసే కుర్రాడికి ఆ నిశ్శబ్దం ఏమీ చెప్పదు.

మూడోది పైథాన్-జీఫొటో2. స్విగ్ అనే సాధనంతో తయారుచేసిన బైండింగు, అంటే పైథాన్‌కూ సీ లైబ్రరీకీ మధ్య వంతెన, ఇది. లోపల పనిచేసేది అదే లిబ్‌జీఫొటో2. కెమెరాను ఉదయం ఒకసారి తెరిచి రోజంతా అలాగే ఉంచుకోవచ్చు. తప్పు వస్తే పైథాన్ ఎక్సెప్షనుగా, అంటే ప్రోగ్రాం పట్టుకోగల తప్పు సూచనగా, నంబరుతో సహా చేతికి వస్తుంది. మైనస్ 53 వచ్చిందంటే యూఎస్‌బీ పరికరం మనకు దక్కలేదన్నమాట. చాలాసార్లు కారణం, కెమెరా తగిలించగానే డెస్క్‌టాప్ తనంతట తాను దాన్ని మౌంట్ చేసుకోవడం, అంటే డిస్కులా తెరిచి పట్టుకోవడం. దాన్ని విడిపించమని స్క్రీను మీద తెలుగులో ఒక వాక్యం చూపిస్తే, స్లాబులు మార్చే మనిషే సరిచేసుకోగలడు.

విండోస్ తప్పనిసరి, కెమెరా క్యానన్‌దే అయితే కెమెరాను నడపడానికి ఆ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్ ఈడీఎస్‌డీకే దారి వేరు. డెవలపరుగా నమోదు చేసుకుని తెచ్చుకోవాలి. 64 బిట్ల పైథాన్‌కు కిట్‌లోని 64 బిట్ల డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) ఉండాలి. కెమెరా సంఘటనలు అందాలంటే విండోస్ పంపే సందేశాలను వరుసగా అందుకునే మెసేజ్ లూపును మనమే తిప్పాలి. సంఘటన జరిగినప్పుడు పిలవమని మనం ఇచ్చే ఫంక్షనును, అంటే కాల్‌బ్యాక్‌ను, ఒక వేరియబులులో దాచి ఉంచకపోతే పైథాన్ దాన్ని చెరిపేస్తుంది, తర్వాతి క్లిక్కుకు ప్రోగ్రాం పడిపోతుంది.

నా ఓటు మూడోదానికే. సీటైప్స్‌ను బైండింగులో లేని పనికి, రాసినవారు దగ్గరే ఉండే చోట మాత్రమే వాడతాను. ఒంగోలులో కూర్చుని రాసిన స్క్రిప్టు చీమకుర్తి యార్డులో మధ్యాహ్నం ఆగిపోతే, దాన్ని మళ్లీ నడిపించాల్సింది అక్కడి మనుషులే. ఏదైనా కొనేముందు మాత్రం మీ కెమెరా మోడలుకు రిమోట్ క్యాప్చర్ ఉందో లేదో జీఫొటో జాబితాలో చూడండి. లైబ్రరీ గుర్తించే కెమెరాలన్నీ కేబులు మీద ఫొటో తీయవు, కొన్నింటి నుంచి ఫైళ్లు మాత్రమే దించుకోగలం.