నాడి చూడటానికి వేళ్ళు మేలా, మిషన్ మేలా?

గుండె లయ మందులు రాసిచ్చి ఇంటికి పంపేటప్పుడు పేషెంటు తరఫువాళ్ళు అడిగే మాట దాదాపు ఒకటే. "సిస్టర్, వేలికి పెట్టే మిషన్ ఇంట్లో ఉంది, అది చాలదా?" కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ తిరుపతిలో చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. ఉండనీండి. డిగాక్సిన్, మెటోప్రొలాల్, అమియోడరోన్ లాంటివి వాడేవాళ్ళకు నేను మాత్రం ముందు చేత్తో నాడి చూడటమే నేర్పిస్తాను.

మిషన్ 76 అని చూపిస్తుంది. ఆ 76 దెబ్బలు ఒకే తీరున పడుతున్నాయా, తడబడుతున్నాయా అనేది వేళ్ళకే తెలుస్తుంది. చేతులు చల్లబడినా, గోళ్ళకు ముదురు రంగు ఉన్నా ఆక్సీమీటర్ తప్పు చూపించొచ్చు. లయ తప్పిన గుండె అయితే బీపీ మిషన్ కూడా చూసినప్పుడల్లా ఒక్కో అంకె చెబుతుంది. రెండు మూడు సార్లు చూసి సగటు తీసుకోవాలి.

పద్ధతి సులభమే. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. బొటనవేలి మొదలుకు దిగువన, మణికట్టు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడే మీకు తగులుతుంది. లెక్క నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, తప్పిన ఒక్క దెబ్బ నాలుగవుతుంది.

అయితే వేళ్ళు కూడా మోసపోయే చోటు ఒకటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, అంటే గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బులో, గుండె కొట్టే ప్రతి దెబ్బా మణికట్టు దాకా రాదు. బలహీనమైనవి దారిలోనే ఆగిపోతాయి. చిత్తూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మా నాయనకు మిషన్లో 56 చూపిస్తా ఉంది సిస్టర్, చేత్తో చూసినా అంతే. డిగాక్సిన్ వేసేదా, వద్దా?" 60 లోపు ఉంటే మాత్ర ఆపి డాక్టరును అడగమని మేమే చెప్పి పంపాం, కాబట్టి ఆ అమ్మాయి అడిగింది సబబే. పక్క వీధిలో ఉండే ఏఎన్ఎం వెళ్ళి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి నిమిషం వింటే 104! డాక్టరుతో మాట్లాడి మాత్ర వేయించాం. మణికట్టు అంకె నమ్మి ఆపేసి ఉంటే ఆ వేగం ఇంకా పెరిగేది.

అందుకే డిగాక్సిన్ వాడుతూ లయ కూడా తప్పినవాళ్ళకు నా ఓటు స్టెతస్కోప్‌కే. వార్డులో అయితే ఒకరు గుండె దగ్గర వింటారు, ఇంకొకరు అదే నిమిషం మణికట్టు దగ్గర లెక్కపెడతారు. తేడా ఎంతో చార్టులో రాస్తాం. ఇంట్లో ఇద్దరికి నేర్పితే ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. లయ సరిగ్గా ఉండి మెటోప్రొలాల్ ఒక్కటే వాడేవాళ్ళకు ఇంత హంగామా అక్కర్లేదు, వేళ్ళు చాలు. వాళ్ళకు ఎంతకు తగ్గితే ఫోన్ చెయ్యాలో డాక్టరు చెప్పిన అంకే లెక్క, పక్కింటాయన అంకె కాదు. స్మార్ట్ వాచీ అప్పుడప్పుడు వచ్చిపోయే దడను పట్టుకోవడానికి పనికొస్తుంది. మాత్ర వెయ్యాలా వద్దా అనేది దాన్ని చూసి తేల్చకండి.

అంకె ఎంత బాగున్నా కొన్నిటిని వదలకూడదు. డిగాక్సిన్ వాడే మనిషికి అన్నం సయించకపోయినా, వాంతులైనా, చూపులో పసుపు రంగు కమ్మినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి. నీరు పోయే మాత్ర కూడా వాడుతున్నా, విరేచనాలు పట్టుకున్నా పొటాషియం పడిపోయి డిగాక్సిన్ విషంగా మారొచ్చు. అమియోడరోన్ వాడేవాళ్ళకు కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వచ్చినా చెప్పాలి. కళ్ళు తిరిగి పడిపోతే నాడి లెక్కపెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఒక పూట మాత్ర మరిచిపోతే తర్వాతి పూట రెండూ కలిపి వెయ్యకండి. నాడి బాగుంది కదా అని మెటోప్రొలాల్ మీ అంతట మీరు ఆపకండి. బాగుండటానికి కారణం ఆ మాత్రే.